మగ్గం గుంటలో వాక్యం
(పేరాలలో చేసిన స్మారకోపన్యాసం, అచ్చు కోసం కొద్దిగా సవరించిన పాఠం)



ఈ ఉపన్యాసం ఒక బడిపంతులుగారి జ్ఞాపకార్థం పెట్టింది. పగలు పిల్లలకు ఎక్కాలు చెప్పి, దీపాలు పెట్టే వేళకు పల్లెలో ప్రార్థన నడిపిన మనిషి ఆయన. తన పేరుతో రాయి వేయించవద్దని చెప్పి పోయారట. పిల్లలు ఆ మాట నిలబెట్టారు, అందుకని నేనూ పేరు చెప్పను. నిర్వాహకులు నాకిచ్చిన అంశం నిత్యజీవితంలోని అనుభవాల నుంచి విశ్వాస పాఠాలు తీసుకోవడం. అంశం పాతదే. ఆదివారం ఏ వేదిక ముందు కూర్చున్నా వింటూనే ఉన్నాం. అందుకే చిన్న తగాదాతో మొదలుపెడతాను.

మన ప్రసంగాల్లో తరచూ వచ్చే ఉదాహరణ ఒకటుంది. ప్రసంగీకుడు ఒక తివాచీని వర్ణిస్తాడు. అడుగున చూస్తే ముడులు, తెగిన దారాలు, రంగుల గందరగోళం. పైన చూస్తే చక్కని పువ్వు. మనం అడుగు నుంచి చూస్తున్నాం, దేవుడు పైనుంచి చూస్తున్నాడు, కనుక కష్టాల్లో సణగవద్దు అని ముగిస్తాడు. ఎక్కడో చలిదేశంలో పుట్టి, అచ్చు పుస్తకాల మీదుగా మనదాకా వచ్చిన మాట ఇది. ఇంకెక్కడైనా చెల్లుతుందేమో గానీ పేరాలలో చెల్లదు. చీరాల, పేరాల అనే ఈ జంట ఊళ్లకు ఒకప్పుడు సముద్రాల అవతల పేరు తెచ్చిన తేలియా రుమాలు సంగతి ఎరిగినవాళ్లెవరైనా లేచి, "అయ్యా, మీరు చెప్పేది ఏ బట్ట?" అని అడుగుతారు.

తేలియా రుమాలుకు తిరగవైపు లేదు. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలోనూ మార్చి మార్చి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి రంగుకు సిద్ధం చేస్తారు. పడుగునూ పేకనూ రెంటినీ మగ్గమెక్కకముందే లెక్క ప్రకారం కట్టి అద్దుతారు. ఎరుపు, నలుపు, తెలుపు. అంటే బొమ్మ ముందే నూలులో ఉంటుంది. నాడె అటు నుంచి ఇటు వచ్చిన ప్రతిసారీ పేక మీది మచ్చ పడుగు మీది మచ్చతో కలిసిందా అని నేసేవాడు చూసుకోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పోగును సర్దాలి. అట్లా నేసిన బట్ట రెండు వైపులా ఒక్కలాగే ఉంటుంది. అరబ్బు దేశాల వాళ్లు తలకు చుట్టుకోవడానికి ఇక్కడి నుంచి ఓడల మీద వెళ్లిన సరుకు అది. ఆ పని ఇప్పుడు మన దగ్గర దాదాపు అడుగంటింది. నల్లగొండ వైపు పుట్టపాక నేతకారులు దాన్ని నిలబెట్టుకున్నారు, 2020లో భౌగోళిక గుర్తింపూ తెచ్చుకున్నారు.

ఈ బట్ట నుంచి పాఠం తీయమంటే ఏం తీస్తాం? తివాచీ కథ మనిషి నోరు మూయిస్తుంది. ఎందుకు అని అడక్కు, నీకు కనపడదు అంటుంది. రుమాలు అట్లా అనదు. బొమ్మ ఏమిటో నేసేవాడికి ముందే తెలుసు, కానీ తెలిసినంత మాత్రాన పని కాదు. పోగు పోగుకూ వంగి చూసి సర్దవలసిందే. ఇందులో కనపడే దేవుడు బొమ్మను దాచిపెట్టి మనల్ని ఊరించేవాడు కాడు. తప్పిన పోగు దగ్గర ఆగి, దాన్ని చేత్తో సరిచేసేవాడు. నాకీ పాఠమే నచ్చుతుంది. అయినా నిజం చెప్పాలంటే ఇదీ గట్టు మీద నిలబడి చెప్పే పాఠమే. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాణ్ణి అడగండి. మందగించిన కంటిచూపు సంగతి, నడుం నొప్పి సంగతి, మాస్టర్ వీవరు దగ్గర తీరని అడ్వాన్సు సంగతి చెబుతాడు. వానాకాలం గుంటలోకి నీరు ఊరితే ఎన్నాళ్లు మగ్గం ఆగుతుందో చెబుతాడు. అతని మగ్గాన్ని మన ప్రసంగానికి అలంకారంగా వాడుకుని, అతన్ని గుంటలోనే వదిలేసి వస్తే అది పాఠం తీయడం అనిపించుకోదు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. పనిచేసేవాళ్ల బతుకులోంచి విశ్వాసపు పాఠం తీసేటప్పుడు, ఆ పాఠం మీద మొదటి తీర్పు చెప్పే హక్కు ఆ పనిచేసేవాళ్లదే.

పరిశుద్ధ గ్రంథం మగ్గాన్ని అలంకారంగా చూడలేదు. గొల్యాతు ఈటె కర్ర ఎంత లావో చెప్పడానికి నేతగాని దోనెను చూపించింది. పట్నం పిల్లలకు అది ఊరికే ఒక మాట, పేరాల పిల్లలకు చెయ్యి వేసి చూసిన లావు. బట్టకు పట్టిన తెగులును పరీక్షించే విధి చెబుతూ లేవీయకాండం పడుగును వేరుగా, పేకను వేరుగా పేర్కొంటుంది. యోబు తన దినాలు నాడె కన్నా వడిగా పరుగెత్తి, ఆశ లేకుండా ముగిసిపోతున్నాయని మొత్తుకుంటాడు. మరణ రోగం నుంచి లేచిన హిజ్కియా రాజు, నేతగాడు పని చుట్టిపెట్టి మగ్గం నుంచి కోసేసినట్టు తన ప్రాణం తెగబోయిందని రాసుకుంటాడు. ఈ ఇద్దరి మాటా దుఃఖపు మాటే. ఆ మాట అన్నచోట ఇద్దరూ దాన్ని తీయబరచలేదు, గ్రంథమూ వాళ్ల నోటికి అడ్డం పడలేదు. 1991లో నూలు ధరలు మండిపోయి చీరాల చుట్టుపక్కల నేత ఇళ్లలో ఆకలి చావులూ ఆత్మహత్యలూ జరిగినప్పుడు, ఆ ఇళ్లకు వెళ్లినవాళ్లకు యోబు మాట వివరించవలసిన అవసరం ఉండేది కాదు. అక్కడ ఆగిన నాడెలే ఆ వచనానికి వ్యాఖ్యానం.

మన ప్రభువు ఉపమానాల సంగతి చూడండి. పిండిలో పులిపిండి కలిపిన ఇల్లాలు, దీపం వెలిగించి ఇల్లు ఊడ్చి నాణెం వెతికిన స్త్రీ, న్యాయాధిపతి గడప అరగదీసిన విధవరాలు. గలిలయలో రోజూ కనపడే మనుషులే. కానీ ఆయన చాలా కథలను ముడి వేయకుండానే వదిలేశాడు. తప్పిపోయిన కుమారుడి అన్న విందులోకి వెళ్లాడా లేదా? లూకా చెప్పలేదు. విన్నవాడు ఇంటికి పోతూ తేల్చుకోవాలి. మనకు అంత ఓపిక లేదు. కథ చెప్పిన మరుక్షణం ఇందులో మూడు పాఠాలున్నాయి అంటాం. మూడే ఎందుకుంటాయో నాకెప్పుడూ అర్థం కాలేదు.

మత్తయి 20లోని ద్రాక్షతోట కూలీల కథనే తీసుకోండి. సాయంత్రం ఐదింటికి పిలిపించుకున్నవాడికీ, పొద్దుట నుంచి ఎండలో వాడిపోయినవాడికీ ఒకటే దేనారం. ఆలస్యంగా మారుమనసు పొందినవాడికీ పరలోకమే అని మనం అర్థం చెబుతాం. చెప్పవచ్చు. కానీ తెనాలిలోనో చీరాలలోనో పొద్దున్నే అడ్డా మీద తాపీ, పార పట్టుకుని నిలబడేవాళ్ల చెవిన ఈ కథ వేయండి. వాళ్లు ముందు పట్టుకునేది మారుమనసును కాదు. మమ్మల్ని ఎవరూ పిలవలేదు అని ఆ కూలీలు యజమానికి చెప్పిన జవాబును పట్టుకుంటారు. సాయంత్రందాకా నిలబడటమూ ఒక పనేనని, అదీ ఒళ్లు హూనం చేస్తుందని వాళ్లకు తెలుసు. ఒక్క గంట కూలితో ఇంట్లో పొయ్యి వెలగదనీ తెలుసు. యజమాని ఇచ్చింది ఇంటిల్లిపాదీ తినడానికి సరిపడే కూలి అని వాళ్లే మనకు చెప్పగలరు.

ఇక అసలు ముచ్చటకు వస్తాను. పాఠం పనిలోంచి పుట్టడమన్నది మన నేల మీదే ఒకసారి జరిగింది.

1876లో వానలు రాలేదు. ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు అది. మద్రాసు రాజధానిలో లక్షల మంది పోయారు. కరువు పనుల్లో కూలిని ఎంత తగ్గించవచ్చో చూడడానికి ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని లెక్కగట్టిన కాలం. ఆ రోజుల్లో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు. 1866లో వచ్చినవాడు. ఒంగోలు సంఘం 1867 జనవరి 1న ఎనిమిది మందితో మొదలైంది. మిషనరీ కాకముందు క్లౌ అమెరికాలో సర్వేయరు పని నేర్చినవాడు. కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వకం వచ్చినప్పుడు ఆయన మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మన కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర ఏ కాలువలో కలుస్తుందో ఆ కాలువే.

వేల మంది పనికి వచ్చారు. క్రైస్తవులూ వచ్చారు, కానివాళ్లూ వచ్చారు. ఎక్కువమంది మాదిగ పల్లెల వాళ్లు. ఎముకల గూళ్లై నడిచి వచ్చి పలుగూ పారా పట్టారు, మట్టి తట్టలు నెత్తికెత్తుకున్నారు. పల్లెల్లో వాక్యం చెప్పే బోధకులే అక్కడ మేస్త్రీలు. పని మధ్య అలుపు తీర్చుకోవడానికి జనం కూర్చున్నప్పుడు బోధకులూ వాళ్లలోనే కూర్చుని మాట్లాడేవారు. మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్న వచనం మత్తయి 11లోది, భారం మోసేవాళ్లనూ ప్రయాసపడేవాళ్లనూ దగ్గరికి పిలిచి విశ్రాంతి ఇస్తానన్నది. ఆ వచనానికి ఉదాహరణ ఎవరు చెప్పాలి? తట్ట ఇంకా పక్కనే ఉంది. చుట్టకుదురు ఇంకా నెత్తిమీదే ఉంది.

ఇక్కడ నేను గట్టిగా పట్టుకునే సంగతి ఇంకొకటుంది. వచనం చెప్పిన నోరూ, సాయంత్రం కూలి లెక్కగట్టిన చెయ్యీ ఒకటే. ఆ చెయ్యి కూలి ఎగ్గొట్టి ఉంటే ఆ వచనం అక్కడే చచ్చేది. ఎగ్గొట్టలేదు. మనుషుల్ని పశువుల్లా అదిలించే పనిచోట్లు చుట్టూ ఉండగా, ఈ ముక్కలో తమను మనుషులుగా చూశారని జనానికి అర్థమైంది. విశ్రాంతి అనే మాట కూలిడబ్బుల దగ్గర రుజువైంది.

అన్నం కోసం మతం పుచ్చుకున్నారు అనే నింద అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. క్లౌకూ ఆ అనుమానం ఉంది. అందుకే కరువు నడిచినంతకాలం, దాదాపు పదిహేను నెలలు, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చి అడిగారు. 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర, 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది నీళ్లలో దిగారు. మూడు రోజుల్లో 3,536. ఏడాది తిరిగేసరికి తొమ్మిది వేలు దాటింది. ఈ అంకెలను మనం జూబిలీ సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. కాలువ తట్టలను మాత్రం చెప్పం. తట్టలు లేకుండా ఆ అంకెలు లేవు.

కాలువకు ముందే ఇంకో సంగతి జరిగింది. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య తోలు వ్యాపారం మీద ఊళ్లు తిరిగినవాడు. యోగమార్గంలో గురువుగా పేరున్నవాడు. ఆయన వెంట వచ్చిన తొలి విశ్వాసులకు క్లౌ పెట్టిన కట్టడలు మూడే. ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలను పూజించవద్దు. మూడోది మతం. మొదటి రెండూ బతుకుతెరువు. నీళ్లు తోడే తోలు కపిలబాన చినిగితే ఆదివారమైనా కుట్టిపెట్టవలసిన పల్లె, ఆ రోజు కుట్టం అన్నప్పుడు ఊరు ఉలిక్కిపడింది. ఊరి పండగలకు డప్పు కొట్టం అన్నప్పుడు మరీ మండిపడింది. దెబ్బలు తిన్నారు, కేసుల్లో ఇరుక్కున్నారు. సృష్టికర్త ఏడోదినాన విశ్రమించాడన్న మాటకు పల్లె చెప్పిన భాష్యం అది. మనం దాన్ని సన్‌డే స్కూల్లో కంఠస్థం చేయిస్తాం, వాళ్లు ఒంటిమీద వాతలతో నేర్చుకున్నారు.

క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఆ తొలితరం మాదిగ విశ్వాసుల కథలనూ, వాళ్ల గురువుల కథలనూ సేకరించి 1899లో ఇంగ్లీషులో పుస్తకం వేసింది. చెప్పులు కుడుతూ అని దానికి పేరు. అందులో మిషనరీ చూపు ఉంది, ఆ కాలపు లోపాలూ ఉన్నాయి. కానీ చెప్పులు కుట్టే చోటే వేదాంతం మాట్లాడుకునే చోటు అని ఒప్పుకున్న పుస్తకం అది. ఇన్నేళ్లకూ మన వేదాంత కళాశాలల్లో ఆ ఒప్పుకోలు పూర్తిగా రాలేదని నా అభిప్రాయం. మాల పల్లెల్లో ముతక నేత, మాదిగ పల్లెల్లో తోలుపని. లూథరన్లలో ఒకరెక్కువ, బాప్టిస్టుల్లో ఒకరెక్కువ. రెండు పనులకూ రెండు సంఘాలు కట్టుకుని, ఒకరి బల్ల దగ్గర ఇంకొకరం అతిథుల్లా కూర్చుంటున్నాం. ఈ మాటకు నొచ్చుకునేవాళ్లుంటే సభ అయ్యాక తిట్టండి, ఇప్పుడు మాత్రం సాగనివ్వండి.

పేరాలకు వచ్చి 1921ని తలచుకోకుండా పోలేను. పన్ను ఏడాదికి నాలుగు వేల నుంచి నలభై వేల రూపాయలకు పెంచే మునిసిపాలిటీ మాకొద్దని, జాతీయోద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద పదిహేను వేల జనాభాలో పదమూడు వేలకు పైగా ఇళ్లు విడిచి పొలిమేర అవతల పాకలు వేసుకున్నారు. రామనగర్ అన్నారు దాన్ని. పదకొండు నెలలున్నారు, చివరికి తిరిగి వచ్చారు. ఆయన రామభక్తుడు, ఆయన దండు రామదండు. అది మన మతం కథ కాదు. అయినా ఈ ఊళ్లో నిర్గమకాండం బోధించేవాడు సీనాయి ఎడారి దాకా పోతాడు గానీ, ఇదే మట్టి మీద జరిగిన వలసను తలవడు. కనాను చేరకుండానే వెనక్కి వచ్చిన నిర్గమం కూడా ఉంటుందని, అయినా దాన్ని వందేళ్లు గౌరవంగా చెప్పుకుంటారని ఆ కథ మనకు నేర్పగలదు.

ఇప్పుడు మన కూటాల్లో సాక్ష్యం చెప్పే పద్ధతి గురించి. అనుభవంలోంచి పాఠం తీయడానికి మనకున్న సొంత సాధనం ఇదే. ప్రసంగం చదువుకున్నవాడిది, సాక్ష్యం అందరిదీ. చేపల తట్ట దించి వచ్చిన అక్క లేచి నిలబడి మాట్లాడుతుంది. పొగాకు గ్రేడింగు నుంచి దగ్గుతూ వచ్చిన చెల్లెలు మాట్లాడుతుంది. నాకు ప్రాణం ఈ సాక్ష్యాలంటే. కానీ వాటికి కాలక్రమాన ఒక మూస పడింది. జబ్బు చేసింది, ప్రార్థించాం, నయమైంది. అప్పులయ్యాయి, ఉపవాసమున్నాం, తీరాయి. ఉద్యోగం రాలేదు, మొరపెట్టాం, వచ్చింది. నయం కానివాళ్లు, తీరనివాళ్లు, రానివాళ్లు ఎప్పుడైనా లేచారా? వాళ్లూ ఆ చాపల మీదే కూర్చుని ఉంటారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి, కోలుకున్న బిడ్డ తల్లి చెప్పే సాక్ష్యానికి స్తోత్రం అంటుంది. ఆ స్తోత్రంలో ఎంత విశ్వాసముందో లెక్కగట్టగల పాస్టరు నాకింకా కనపడలేదు. మన మూస మాత్రం ఆమెకు చోటివ్వదు. కీర్తనల గ్రంథం ఇస్తుంది. అందులో దాదాపు మూడోవంతు కీర్తనలు మొరలే. కొన్నిటికి చివర్లో కూడా ఊరట దొరకదు.

ఇంకో ప్రమాదం ఊరంత పెద్దది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. గాలివాన బాపట్ల, రేపల్లె వైపులనూ పీకి పారేసింది. వేల ప్రాణాలు పోయాయి. అంతటి ఆపద వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు పాపానికి శిక్ష అంటారు. లూకా 13 చదవమని వాళ్లను బతిమాలుతున్నాను. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోతే, వాళ్లు యెరూషలేములో మిగతావాళ్లకన్నా పాపులనుకుంటున్నారా అని ప్రభువు అడిగి, కాదని తానే చెప్పాడు. చనిపోయినవాళ్ల మీద పాఠం చెప్పనని అక్కడే తేల్చేశాడు. బతికున్న మిమ్మల్ని మీరు చూసుకోండి అన్నాడు. కొన్ని అనుభవాల దగ్గర పాఠం తీయకుండా శవాలను మోయడం, తాటాకు కప్పించడం, బియ్యం పంచడమే విశ్వాసి చేయవలసింది. పాఠం అవసరమైతే దానంతటదే వస్తుంది, రాకపోతే పోతుంది.

1985 జులై 17 దగ్గరికి వస్తున్నాను. ఈ ప్రాంతంలో నిలబడి ఈ అంశం మీద మాట్లాడేవాడు కారంచేడును దాటి పోతే అతని మాటకు విలువ లేదు. అక్కడ గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. పల్లెవాళ్లు తాగే నీళ్లు పాడుచేయవద్దన్నందుకు పై కులం వాడొకడు కొట్టబోతే, ఒక స్త్రీ చేతిలోని బిందె అడ్డం ఎత్తింది. మర్నాడు మాదిగపల్లె మీద దాడి. ఆరుగురు చనిపోయారు. మిగిలినవాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని, ఏడెనిమిది కిలోమీటర్లు దాటి చీరాల వచ్చి లూథరన్ చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరం నుంచే పోరాటం నడిచింది. ఆ సెప్టెంబరు 1న తెనాలిలో దళిత మహాసభ ఏర్పడింది. కేసు 2008లో సుప్రీంకోర్టులో తేలింది, అంటే ఇరవై మూడేళ్లకు.

యోహాను 4లో సమరయ స్త్రీ కథ మీద మనం ఎన్ని ప్రసంగాలు విన్నాం! అన్నిట్లోనూ ఆమె ఐదుగురు భర్తల దగ్గరే బండి ఆగుతుంది. ఆమె గుణమేమిటో తేల్చేదాకా ప్రసంగీకుడికి నిద్రపట్టదు. కారంచేడు బిందెను ఆ బావి గట్టున పెట్టి అధ్యాయాన్ని మళ్లీ చదవండి. మొదటి మాట నీళ్ల మాట. ఇది ఎవరి బావి, ఎవరు చేదవచ్చు, ఎవరి కుండలో నీళ్లు ఎవరు తాగవచ్చు అన్నదే అక్కడ మొదటి తగువు. యూదులు సమరయులతో సాంగత్యం చేయరని యోహాను స్వయంగా గుర్తుచేస్తాడు. దాహమని అడిగినవాడు ప్రభువు, కుండ ఆమెది. అంటరాని కుండతో నీళ్లడిగి తాగడానికి సిద్ధపడ్డాడన్నది ఆ కథకు గుండెకాయ. జీవజలం గురించిన బోధ ఆ తరువాత వచ్చింది, నీళ్ల తగువును దాటవేసి రాలేదు. ఈ చదువు నాకు ఏ వేదాంత గ్రంథంలోనూ దొరకలేదు. చీరాల చర్చి ఆవరణలో పడుకున్నవాళ్ల వల్ల దొరికింది.

బాపట్లలో చదివిన గుర్రం జాషువా ఈ పనిని కవిత్వంలో ముందే చేశాడు. 1941 నాటి గబ్బిలంలో చెప్పులు కుట్టేవాడి గుడిసెలో రాత్రిపూట తిరిగే గబ్బిలమే దూత. మనిషికి తెరవని గుడి తలుపు దానికి అడ్డం కాదు గనుక దానితోనే కాశీ విశ్వేశ్వరుడికి కబురంపాడు. హంసలూ మేఘాలూ రాజులకూ యక్షులకూ దూతలు. పూరింట్లో ఏ ప్రాణి తిరుగుతుందో దాన్నే పట్టుకోవడం జాషువా గొప్పతనం. ఆయన క్రీస్తుచరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మన సంఘాల్లో ఎన్ని ఇళ్లలో ఆ పుస్తకం ఉందో చేతులెత్తమంటే సభ చిన్నబోతుంది, అందుకని అడగను.

పాస్టరు గార్లకూ, సంఘ పెద్దలకూ నాలుగు విన్నపాలు చేసుకుని కూర్చుంటాను. నెలకొక ఆదివారం ప్రసంగానికి ముందు పనిచేసేవాళ్లను మాట్లాడనివ్వండి. నేతగాడు, అడ్డా కూలీ, చేపలమ్మే అక్క, పొగాకు కంపెనీకి పోయే అమ్మాయి, ఎవరైనా సరే. ఆ రోజు చదివే వాక్యం వాళ్లకు వారం ముందే చెప్పండి, దాని గురించి తమకేం తోచిందో వాళ్లే చెప్పాలి. ప్రసంగం ఆ తరువాత చేయండి, వాళ్లు చెప్పినదానికి జవాబుగా చేయండి. ముగింపు బాగుండాలని సాక్ష్యానికి షరతు పెట్టకండి. మా ప్రార్థనకు ఇంకా జవాబు రాలేదు అని ఎవరైనా చెప్పి కూర్చుంటే, వెంటనే పాట ఎత్తుకుని దాన్ని కప్పేయకండి.

చివరిది ఆదివారం గురించి. పేరయ్య తరం దెబ్బలు తిని సంపాదించిన ఆదివారం ఇప్పుడు మన పిల్లల్లో చాలామందికి లేదు. అపార్టుమెంట్ల దగ్గర కాపలా ఉండేవాళ్లు, దుకాణాల్లో నిలబడే అమ్మాయిలు, ఆసుపత్రుల్లో ఊడ్చేవాళ్లు, సరుకులు ఇంటింటికీ చేరవేసే కుర్రాళ్లు ఆ పూట పనిలో ఉంటారు. వాళ్లను రాలేదని రిజిస్టరులో గుర్తుపెట్టకండి. వాళ్ల జాబితా రాసుకుని, వాళ్లకు వీలైన రోజున, వీలైన వేళకు ఇంకో ఆరాధన పెట్టండి. వచ్చే నెల సంఘ సమావేశంలో ఈ ఒక్క విషయం తేల్చినా చాలు.